చుక్కలదా, చారలదా?

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాసి పంపాలని తమ్ముళ్ళు కబురు చేశారు. 2002 నుంచి 2005 వరకు 9వ నంబరు గదిలో ఉన్న మేము ఆరుగురం ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఒకడు మెస్ గురించి రాద్దామన్నాడు. మెస్ గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, ఆ నీళ్ళచారు ఇంకా పలచబడే అవకాశం లేదు. ఇంకొకడు అశోక్‌నగర్ కోచింగుల గురించి అన్నాడు. అది చదివితే మాలో సగం మందికి ఏడుపొస్తుంది. చివరికి మేం ఎప్పుడు కలిసినా మాటలు ఎక్కడికి పోతాయో అక్కడికే పోయాయి. హాస్టల్ వెనక వేపచెట్టు, దాని తొర్ర, తొర్రలో ఉండే రెండు పిట్టలు. కాబట్టి ఇది గుడ్లగూబల మీద వ్యాసం. పొద్దున్నే గూబ పేరు ఎందుకు ఎత్తారని తిట్టుకునే మిత్రులు సాయంత్రం చదువుకోవచ్చు.

మా కాలంలో హాస్టల్ చిక్కడపల్లి సందుల్లో ఒక పాత మేడలో ఉండేది. వెనక వైపు బట్టలు ఉతుక్కునే బండలు, నల్లా, దాని పక్కన వేపచెట్టు. చెట్టుకు నిలువెత్తు మనిషి మీద ఇంకో మనిషి నిలబడితే అందేంత ఎత్తులో ఒక తొర్ర. రోజూ సాయంత్రం ఆరు దాటాక మేం ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడే వేళకు ఆ తొర్రలోంచి ఒక గుండ్రటి తల బయటికి వచ్చేది. కాసేపటికి రెండోది. రెండూ కొమ్మ మీద ఆనుకుని కూర్చుని మా వైపు చూసేవి. మేం తిరిగి చూస్తే మెడ కిందికీ పైకీ ఊపుతూ, గుడ్లు ఇంకా పెద్దవి చేసి చూసేవి. హాజరు వేసేటప్పుడు వార్డెన్ సార్ కళ్ళజోడు మీదుగా చూసినట్టు ఉండేదని మావాళ్ళు నవ్వుకునేవారు. ఆ తర్వాత 'చిర్ర్.. చిర్ర్.. చివక్ చివక్' అని రెండూ కలిసి గొడవ మొదలుపెట్టేవి. అది గొడవ కాదనీ, జంట పలకరించుకోవడమనీ మాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

ఆరుగురం ఆరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళం. హాస్టల్లో మా ఊళ్ళ పేర్లే మా పేర్లు. అమ్రాబాద్, ఆసిఫాబాద్, సిద్దిపేట, జనగామ, తాండూరు, నకిరేకల్. ఊరికొక మాట ఉన్నట్టే ఆ పిట్టకూ తలా ఒక పేరు చెప్పారు. ఒకడు పైడికంటి అన్నాడు. పైడి అంటే బంగారం, దాని పచ్చటి కళ్ళు చూస్తే ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది. ఒకడు ఉత్త గూబ అన్నాడు. (గూబ అనగానే మాకు పిట్ట కంటే ముందు 'గూబ గుయ్యిమంటది' అనే ఒక సీనియర్ అన్న గుర్తొచ్చేవాడు.) ఇద్దరు చావుపిట్ట అన్నారు. ఆ మాట తర్వాత మాకెంత పని పెట్టిందో ముందు ముందు చెబుతాం.

అమ్రాబాద్ మాత్రం ఏ పేరూ చెప్పలేదు. "మా దిక్కు గూడ ఇదే పిట్ట ఉంటది. కానీ దానికి చుక్కలుండయి, చారలుంటయి" అన్నాడు. వాడిది నల్లమల అంచున ఊరు, అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. మేం నమ్మలేదు. పిట్ట ఒక్కటే, చీకట్లో నీకు చారలు కనబడ్డాయి అన్నాం. వాడు పట్టు వదల్లేదు. "నెత్తి చూడండ్రి. ముఖం చూస్తే రెండూ ఒక్కటే అనిపిస్తది. నెత్తి చూస్తే తెలుస్తది" అన్నాడు. నెల రోజులు ఆ గదిలో ఇదే వాదన. పందెం రెండు ఇరానీ చాయలు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.

వాదన తేల్చింది నగర కేంద్ర గ్రంథాలయం. చిక్కడపల్లిలో చదువుకున్న ఏ విద్యార్థికీ దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. పొద్దున తలుపులు తీసే వేళకు గేటు ముందు సంచులతో వరుస, లోపల గ్రూప్స్ పుస్తకాలు, బయట చెట్ల కింద గుంపులు. పోటీ పరీక్షల వాళ్ళ మధ్య కూర్చుని పక్షుల పుస్తకం తిరగేస్తుంటే పక్కన కూర్చున్న అన్న ఒకాయన "ఏ పోస్టుకు తమ్మీ ఇది?" అని నిజంగానే అడిగాడు.

సలీం అలీ రాసిన ఇంగ్లీషు పుస్తకాలు రెండు దొరికాయి. ఆయన ఊరూ పేరూ అప్పుడే మొదటిసారి విన్నాం. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేసింది ఆయనేనని ఆ తర్వాత తెలిసింది. మా అమ్రాబాద్ గర్వం ఇక పట్టలేకపోయాం, తన పక్షాన సాక్షి దొరికినట్టు. ఒక పుస్తకంలో మా వేపచెట్టు పిట్ట ఉంది, స్పాటెడ్ ఔలెట్. ఇంకోదాంట్లో అమ్రాబాద్ చెప్పిందీ ఉంది, బార్డ్ జంగిల్ ఔలెట్. 'బార్డ్' అంటే డిక్షనరీలో 'నిషేధించబడిన' అని కనిపించింది. అడవిలో నిషేధించబడిన గూబ! దీన్ని ఎవరు నిషేధించారు, ఎందుకు నిషేధించారు అని ఇద్దరం అరగంట ఆలోచించాం. ఆ మాటకు అడ్డచారలు అని ఇంకో అర్థం ఉందని నకిరేకల్ కింద చదివి చెప్పాడు. అమ్రాబాద్ అప్పుడే లేచి చాయ్ తాగడానికి బయల్దేరాడు.

ఇప్పుడు ఆ రెంటి తేడాలు చెబుతాం. మాకు అప్పుడు తెలిసినవి కొన్ని, తర్వాత తెలిసినవి కొన్ని.

రెండూ చిన్నవే, గోరింకంత ఉంటాయి, 20 సెంటీమీటర్ల చిల్లర. రెంటికీ తల గుండ్రం, నెత్తి మీద కొమ్ముల్లాంటి ఈకలు ఉండవు, కళ్ళు పసుపు. రెండూ చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. పురుగులు, బల్లులు, చిట్టెలుకలు, చిన్న పిట్టలు రెంటికీ తిండి. ఇక్కడిదాకా చూసిన ఎవరైనా మేమన్నట్టే "రెండూ ఒక్కటే" అంటారు. కానీ పైడికంటి నెత్తి నిండా తెల్లటి చిన్న చుక్కలు, చల్లని కల్లాపి మీద పిండి రాలినట్టు. వీపు మీద చుక్కలు ఇంకొంచెం పెద్దవి. కళ్ళ పైన తెల్లటి కనుబొమలు స్పష్టంగా కనబడతాయి, అందుకే అది ఎప్పుడూ ఎవరినో గద్దిస్తున్నట్టు ఉంటుంది. మెడ వెనక తెగిన తెల్ల పట్టీ. అడవిదానికి ఈ కనుబొమల జబర్దస్తీ లేదు. నెత్తి, వీపు, రొమ్ము అంతా సన్నటి అడ్డచారలు, దగ్గర దగ్గరగా, జంపఖానా నేసినట్టు. రెక్కల మీద ఇటుకరంగు కలుస్తుంది. చెట్టు బెరడు మీద ఎండపొడ పడినట్టు ఉండి, కదలకపోతే పక్కనే ఉన్నా కనబడదని అమ్రాబాద్ అనేవాడు.

గొంతు అసలు కలవదు. పైడికంటిది సంతలో బేరం లాంటి గోల. అడవిదాని కూత మెల్లగా మొదలవుతుంది, 'కావ్.. కావ్..' అని ఆగి ఆగి. తర్వాత జోరందుకుని 'కావ్‌కుక్ కావ్‌కుక్' అని గబగబా పోయి సన్నగిల్లి ఆగిపోతుంది. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ కూసినట్టు అని అమ్రాబాద్ చేసి చూపించేవాడు. లైట్లు ఆర్పాక ఆ కూత చేస్తే పక్క గదివాళ్ళు గోడ తన్నేవారు.

చోటు కూడా వేరు. పైడికంటి మనిషిని విడిచి ఉండదు. తోటలు, పొలంగట్లు, పాతగోడల కంతలు, నగరంలో మిగిలిన నాలుగు ముసలి చెట్లు దానికి చాలు. మా సందులో వీధిదీపం చుట్టూ ముసిరే పురుగుల్ని అది ఎగిరి పట్టుకునేది. ఆ దీపం కిందే పరీక్షల ముందు మేమూ చదివేవాళ్ళం, కరెంటు పొదుపని హాస్టల్లో లైట్లు తొందరగా ఆర్పేవారు గనక. అడవిదానికి అడవే కావాలి. కాని ఒక వింత ఉంది. పైడికంటి పడమట ఇరాన్ అంచు నుంచి తూర్పున వియత్నాం దాకా ఉంది, శ్రీలంకలో మాత్రం లేదు. అడవిది సముద్రం దాటి శ్రీలంకలోనూ ఉంది. ఊళ్ళ మీద తిరిగేది ఆగిపోయిన చోటికి అడవి వదలనిది పోయి కూర్చుంది.

చెట్టు కింద మరో చదువు దొరికింది. గుడ్లగూబలు నమలవు, మింగేస్తాయి. అరగని ఎముకలు, బొచ్చు ఉండలా చేసి కక్కేస్తాయి. ఆ ఎండిన ఉండల్ని మేం బండ మీద పెట్టి పుల్లతో విప్పేవాళ్ళం. పేడపురుగుల రెక్కలు, బల్లి వెన్నుపూసలు, ఒకసారి పళ్ళతో సహా చిట్టెలుక దవడ. జువాలజీ ప్రాక్టికల్స్‌లో కప్పను కోసినప్పటి కంటే దీంట్లోనే ఎక్కువ నేర్చుకున్నాం. బట్టలు ఉతుక్కునే బండ మీద ఎముకలు పెట్టినందుకు తిట్లు కూడా ఎక్కువే తిన్నాం.

2004లో శివరాత్రి దాటిన తర్వాత తొర్రలోంచి బుస కొడుతున్నట్టు సన్నటి చప్పుళ్ళు మొదలయ్యాయి. పిల్లలు దిగాయని అమ్రాబాద్ చెప్పాడు. ఎన్నో తెలియదు, మూడో నాలుగో. తల్లిదండ్రులు రెండూ రాత్రంతా తిరిగేవి.

ఆ రోజుల్లోనే 4వ నంబరు గదిలో ఉండే ఫస్టియర్ తమ్ముడికి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ నాయిన చనిపోయాడు. తెల్లవారుజామున ఆఫీసు గదిలో ఫోన్ మోగడం, వాచ్‌మన్ తాత పైకి వచ్చి తలుపు కొట్టడం, ఆ తమ్ముడు చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగడం మా అందరికీ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. తలా పదీ ఇరవై వేసి, ఇద్దరు తోడు వెళ్ళి బస్సెక్కించారు. ఆ సాయంత్రం నుంచి మాట పుట్టింది. రాత్రంతా గూబ కూసిందని. హాస్టల్ మీద చావుపిట్ట గూడు పెట్టిందని. గూబ దూరిన ఇల్లు పాడుపెట్టాలని పెద్దలు ఊరికే అన్నారా అని. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఎవరు ఫెయిలవుతారో, ఇంకెవరికి ఫోన్ వస్తుందో అని భయం. భయం వేసినప్పుడు బీయస్సీ, బీకాం తేడా ఉండదని అప్పుడు చూశాం.

మూడో రోజు పక్కన కడుతున్న ఇంటి దగ్గర నుంచి ఎవరో తట్టలో సిమెంటు తెచ్చారు. తొర్ర మూసేస్తే పీడ పోతుందన్నారు. పైకెక్కడానికి బెంచీలు కూడా తెచ్చారు. లోపల పిల్లలున్నాయని మేం అంటే, అందుకే ఇప్పుడే మూయాలి, పెరిగితే ఇంకా అయితాయి అన్నారు. ఇంకొకాయన మూయడం దేనికి, పట్టి ఇస్తే డబ్బులిచ్చేవాళ్ళున్నారు, అమావాస్య పూజలకు కొంటారు అన్నాడు. గుడ్లగూబను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. ఈ వ్యాపారం ఎంత పెద్దదో 2010లో ట్రాఫిక్ సంస్థ అచ్చువేసిన అబ్రార్ అహ్మద్ నివేదిక చూశాకే అర్థమైంది. దేశంలో ఉన్న 30 రకాల గుడ్లగూబల్లో 15 రకాలు ఆ అమ్మకాల్లో కనబడ్డాయట. వాటిలో మా పైడికంటి ఉంది.

మా దగ్గర చట్టం లేదు. పుస్తకం ఉంది. గ్రంథాలయంలో రాసుకున్న నోట్సు పట్టుకుని చెట్టు కింద నిలబడ్డాం. అమ్రాబాద్ చెట్టుకు వీపు ఆనించి మాట్లాడాడు. "చావుపిట్ట అంటే ఇది గాదు. అది తెల్లగుంటది, పెద్దగుంటది, ముఖం తమలపాకు లెక్క ఉంటది. పాత బిల్డింగులల్ల ఉంటది. కీచుమని అరుస్తది. ఇది పైడికంటి. దీని జాతే వేరు, దాని జాతే వేరు. అది చేసిన పనికి దీన్నెందుకు చంపుతరు?" అన్నాడు. మేం ఐదుగురం అవునవునన్నాం. నోట్సులో వేసుకున్న బొమ్మలు చూపించాం. నారాయణగూడ వైపు పాత మేడల్లో ఆ తెల్లదాన్ని చూశామని కూడా ఒకడు అన్నాడు. చూసిన మాట నిజమే. రాత్రి ఆట సినిమా చూసి నడిచి వస్తుంటే సమాధుల తోట చెట్ల మీదుగా చప్పుడు లేకుండా తెల్లగా ఒకటి ఎగిరిపోయింది.

వాదన పనిచేసింది. పూర్తిగా కాదు, సగం. సిమెంటు గట్టిపడేదాకా మాట్లాడామని తర్వాత నవ్వుకున్నాం. వార్డెన్ సార్ వచ్చి ముందు ఆ బెంచీలు లోపల పెట్టమన్నారు, చెట్టు సంగతి ఆ తమ్ముడు వచ్చాక చూద్దామన్నారు.

దినాలు అయ్యాక ఆ తమ్ముడు గుండుతో తిరిగొచ్చాడు. ఆ రాత్రి మేం వాడి గదికి వెళ్ళాం. ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్నాం. బయట రెండు పిట్టలూ గోల చేస్తున్నాయి. ఎవరో కిటికీ మూయబోయారు. "ఉండనియ్యన్నా" అన్నాడు వాడు. తర్వాత వాడే చెప్పాడు. "మా నాయిన రాత్రి కరెంటొచ్చిందని మోటర్ పెట్టనీకి పోయిండు. ఒడ్డు మీద పురుగు ముట్టింది. ఆటో దొరికేసరికి తెల్లారింది. పిట్ట ఏంజేసింది దాంట్ల?"

పురుగు ముట్టడం అంటే పాము కరవడం. రాత్రి పాము పేరెత్తరు గనక అలా అంటారు. అప్పట్లో పొలాలకు కరెంటు వంతులవారీగా వచ్చేది, చాలాసార్లు అర్ధరాత్రి. 108 అంబులెన్సులు ఇంకా లేవు, 2005లో వచ్చాయి. ఆ గదిలో ఉన్న మా అందరి నాయినలూ ఆ రాత్రి ఏ పొలంగట్టు మీద ఉన్నారో ఎవరికి వాళ్ళం లెక్క వేసుకున్నాం. తొర్ర మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కొమ్మ మీద ఐదు తలలు కనబడ్డాయి. రెండు పెద్దవి, మూడు చిన్నవి. చిన్నవాటికి చుక్కలు ఇంకా సరిగా తేలలేదు.

అప్పుడు గెలిచామని సంబరపడ్డాం గానీ, తర్వాత ఒక సంగతి మమ్మల్ని చాలా కాలం కుట్టింది. మేం ఆ రోజు చేసిందేమిటి? ఇది కాదు, అది అన్నాం. ఒక పిట్టను కాపాడటానికి ఇంకో పిట్టను పట్టి ఇచ్చాం. ఆ తమ్ముడు ఒక్క మాటలో తేల్చిన దాన్ని ఆరుగురు డిగ్రీ విద్యార్థులం నోట్సు పట్టుకుని కూడా చెప్పలేకపోయాం. చిక్కడపల్లిలో చాలా దుకాణాల్లో మమ్మల్ని ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు, ఎవడు బాకీ పెట్టినా 'హాస్టలోళ్ళు' అనేవారు. అది మాకు మంటగా ఉండేది. అలాంటి మేమే ఆ తెల్లదాని గురించి ఆ మాట అన్నాం. నిజానికి దాని తిండి ఎక్కువగా ఎలుకలే. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటల్లో ఎలుకల బెడద తగ్గించడానికి దానికి చెక్కపెట్టెల గూళ్ళు కట్టి మరీ పెంచుతున్నారు. ఎలుకలున్న చోటికే పాములూ వస్తాయని పల్లెటూళ్ళో పుట్టిన మాకు వేరే చెప్పాలా? బెంగాల్లో లక్ష్మీదేవి పక్కన కూర్చోబెట్టి పూజించేదీ గుడ్లగూబనే. ఈ మాటలు ఆ రోజు చెట్టు కింద అనాల్సింది. ఇరవై ఏళ్ళు దాటాక సంచికలో అంటున్నాం.

రెండు పిట్టల కథ ఇక్కడితో ఆగేది. కాని అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే ఒక సీనియర్ అన్న దాంట్లో మూడోదాన్ని తెచ్చి కలిపాడు. మా గూబల పిచ్చి విని, జనరల్ నాలెడ్జ్ బిట్ ఒకటి విసిరాడు. "113 ఏళ్ళ తర్వాత మళ్ళీ కనబడిన పక్షి ఏది?" మేం కలివికోడి అన్నాం. మన కడప జిల్లాలో 1986లో దొరికింది అదే కదా, ఆ బిట్ అందరికీ వచ్చు. ఆయన కాదన్నాడు. ఫారెస్ట్ ఔలెట్ అన్నాడు.

ఆ కథ తర్వాత వెతికి చదివాం. 1873లో హ్యూమ్ అనే ఆయన దానికి పేరు పెట్టాడు. అప్పట్లో దొరికినవన్నీ కలిపి ఏడే ఏడు, అన్నీ మ్యూజియం పెట్టెల్లోకి పోయాయి. 1884 తర్వాత కనబడలేదు. మధ్యలో మైనర్ట్‌జాగెన్ అనే మిలిటరీ అధికారి 1914లో గుజరాత్‌లో ఒకటి పట్టానని చీటీ రాసి చూపించాడు. 1970లలో సలీం అలీ, రిప్లే వెతికినా దొరకలేదు. దొరక్కపోవడానికి ఒక కారణం ఆ చీటీ. ఆ పిట్టను ఆయన పట్టలేదు, మ్యూజియంలో పాత పిట్టను కాజేసి, ఈకలు సర్ది, కొత్త చీటీ కట్టాడు. పమేలా రాస్ముసెన్ అనే శాస్త్రవేత్త దాన్ని బయటపెట్టి, ఆ దొంగచీటీ పక్కనపెట్టి, పాత నిజం చీటీలున్న చోట్ల వెతికింది. 1997 నవంబరులో మహారాష్ట్రలో షహాదా దగ్గర సాత్పురా కొండల కింద, పట్టపగలు, ఆకులు రాలిన చెట్టు మీద కూర్చుని దొరికింది. ఆమెతో బెన్ కింగ్, డేవిడ్ అబాట్ ఉన్నారు.

అది మా పైడికంటికి ఎంత దగ్గరి పోలికంటే, మధ్యలో దాన్ని చూశామని చెప్పినవాళ్ళు చూసింది పైడికంటినే. మళ్ళీ తేడా ఎక్కడ? నెత్తి మీద! ఫారెస్ట్ ఔలెట్ నెత్తి మీద చుక్కలు దాదాపు ఉండవు. తల పెద్దది, ముక్కు మొరటు, కాళ్ళకు వేళ్ళదాకా తెల్లటి ఈకలు దట్టంగా మేజోళ్ళు తొడిగినట్టు, రొమ్ము మీద ముదురు పట్టీలు. పగలే ఎక్కువగా వేటాడుతుంది. ఇది చదివి అమ్రాబాద్‌కు ఫోన్ చేస్తే వాడు "చెప్పిన గదా, నెత్తి చూడాలె అని" అన్నాడు. ఆ రాస్ముసెన్‌కు కూడా తనే చెప్పినట్టు.

ఇంకో సంగతి వాడికి అంత నచ్చలేదు. 2018లో శాస్త్రవేత్తలు జన్యువులు చూసి ఫారెస్ట్ ఔలెట్‌ను పైడికంటి ఉండే అథీనీ కుటుంబంలోనే చేర్చాలని తేల్చారు. అంటే పైడికంటికి అసలు పాలివాడు సాత్పురాలో ఉన్నాడు. మేం అన్నదమ్ములని నెల రోజులు కొట్టుకున్న నల్లమల చారల గూబ గ్లాసిడియం అనే వేరే ఇంటిది, దూరపు చుట్టం. పోలిక ఒకచోట, బంధుత్వం ఒకచోట. వాడి చాయ్ డబ్బులు వెనక్కి ఇవ్వాలా వద్దా అన్నది ఇప్పటికీ తేలలేదు. రెండూ ఒక్కటి కావని కదా పందెం కట్టింది, కాబట్టి ఇవ్వక్కర్లేదని వాడి వాదన. అది న్యాయమే.

ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు. దాని చోట నీళ్ళ ట్యాంకు ఉంది. తమ్ముళ్ళకు నీళ్ళు కావాలి, దాన్ని తప్పుపట్టలేం. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు వంతెన వేశాక ఆ దారంతా మాకు కొత్త ఊరిలా ఉంది. ఆ మధ్య కలిసినప్పుడు సాయంత్రం ఇందిరా పార్కులో నడుస్తుంటే ఒక పెద్దచెట్టు మీద 'చివక్ చివక్' అని గోల వినబడింది. ఆరుగురం తలలెత్తి నిలబడిపోయాం. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు మా చుట్టూ తిరిగి పోయారు. నలభై దాటిన కళ్ళకు మసక వెలుతురులో నెత్తి కనబడటానికి చాలాసేపు పట్టింది. చుక్కలే.

అమ్రాబాద్ ఇప్పుడు సొంత మండలంలోనే బడిపంతులు. ఆదివారం పొద్దున అడవి అంచుకు పోయి ఫోన్లో కూతలు రికార్డు చేసి మా గ్రూపులో పెడతాడు. కింద ఒకే ప్రశ్న రాస్తాడు, చుక్కలదా, చారలదా? మేం నిద్ర లేచి వినేసరికి జవాబు వచ్చేసి ఉంటుంది. ఎప్పుడూ ముందు రాసేది 4వ గది తమ్ముడే. పోయిన ఆదివారం కూడా వాడే. "చారలదే అన్నా. ఈసారి తెల్లదాని కూత దొరికితే పెట్టు, నేను ఇంకా వినలే."